ఆడపిల్లల బైబిల్ స్టడీకి పాఠాలు ఎలా ఎంచుకోవాలి

పోయిన జూన్‌లో ఒక శనివారం సాయంత్రం పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని తిరుపతిలో మా చర్చికి వచ్చింది. సోమవారం పిల్లను ఇంటర్ హాస్టల్లో చేర్పించాలి. బకెట్టు, ట్రంకుపెట్టె, దుప్పట్లు కొనడం అయిపోయింది. "అక్కా, దీని పెట్టెలో పెట్టడానికి మంచి బైబిల్ స్టడీ పుస్తకం ఒకటి చెప్పండి. ఇంక మేము పక్కన ఉండం గదా, పిల్ల విశ్వాసంలో గట్టిగా నిలబడాల" అనింది.

ఏదో ఒక పేరు చెప్పి పంపించి ఉండొచ్చు. నాకు నోరు రాలేదు. ఆ పిల్ల తెలుగు బైబిల్ తడుముకోకుండా చదవగలదా, మనసులో ఏ ప్రశ్న తిరుగుతోంది, ఇంతకు ముందు ఏ పాఠాలు విన్నది, ఏదీ నాకు తెలియదు. పన్నెండేళ్లుగా శనివారం ఆడపిల్లల క్లాసు తీసుకుంటున్నాను. పిల్లను చూడకుండా పుస్తకం కొన్న ప్రతిసారీ ఆ పుస్తకం బీరువాలోనే మిగిలిపోయింది. అందుకే తల్లులకు, సండే స్కూల్ టీచర్లకు, పాస్టరమ్మలకు పనికొస్తుందని నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పిల్ల చేత ఒక అధ్యాయం చదివించండి

రూతు మొదటి అధ్యాయం తెరిచి చేతికివ్వండి. 22 వచనాలే. పైకి చదవమనండి. మధ్యలో దిద్దొద్దు, వినండి చాలు. ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ అర్థం కాకుండానే దాటేస్తోందో మీకే తెలిసిపోతుంది.

మన పాత అనువాదం గ్రాంథిక భాషలో ఉంది. చిన్నప్పటి నుంచి చెవిన పడింది కాబట్టి మనకు తియ్యగా ఉంటుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లకు ఆ క్రియాపదాలు దాటేసరికే ఓపిక అయిపోతుంది. కుప్పం, నగరి, సత్యవేడు వైపు పిల్లలైతే కొందరికి ఇంట్లో తమిళం, బడిలో ఇంగ్లిష్, చర్చిలో మాత్రమే తెలుగు. అలాంటి పిల్ల ముందు బరువైన తెలుగులో రాసిన పాఠం పెడితే ఆమె వాక్యంతో కాదు, భాషతో కుస్తీ పడుతుంది.

నేను రెండు బైబిళ్లు పక్కపక్కన పెట్టిస్తాను. అర్థం కోసం చదివేది సులభమైన తెలుగులో వచ్చిన 'పవిత్ర బైబిల్' గానీ, 'సమకాలీన అనువాదం' గానీ. కంఠస్థం మాత్రం పాత అనువాదంలోనే చేయిస్తాను. సంఘంలో చదివేది అదే, ఇంట్లో అవ్వ ప్రార్థన చేసేదీ ఆ మాటలతోనే. అవ్వ ప్రార్థనలో దొర్లే వచనాన్ని మనవరాలు గుర్తుపట్టి నవ్వడం నేను చూశాను. ఆ బంధం తెగిపోకూడదు.

వయసు సంగతి క్లుప్తంగా చెప్తాను. పది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కథ మొత్తం ఒకే కూర్చోవడంలో అయిపోయే పాఠాలు కావాలి. పదమూడు నుంచి పదిహేను వాళ్లకు "ఎందుకు" అని అడగనిచ్చే పాఠాలు. ఆ పైవాళ్లకు ఒక పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిపించే పాఠాలు. పదకొండేళ్ల పిల్లనీ డిగ్రీ పిల్లనీ ఒకే చాపమీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్తే ఇద్దరికీ ఆకలి తీరదు.

చీటీలు రాయించండి

ఇది మాత్రం తప్పకుండా చేయండి. ఖాళీ టిఫిన్ డబ్బా ఒకటి పెట్టి, పేరు రాయకుండా మనసులో ఉన్న ప్రశ్న ఒక చీటీ మీద రాసి వేయమనండి. టీచర్ కూడా ఆ కాసేపు బయటికి వెళ్లిపోవాలి.

మొదటిసారి నేనిలా చేసినప్పుడు డబ్బాలో పదకొండు చీటీలు వచ్చాయి. నేను ఆ నెలకు సిద్ధం చేసుకున్న పాఠం 'విధేయత'. ఒక్క చీటీలో కూడా ఆ మాట లేదు. "నల్లగా ఉన్నానని మా అత్త ఎప్పుడూ అంటుంది, దేవుడికి కూడా అలాగే కనిపిస్తానా?" "బయాలజీలో చెప్పేది నమ్మితే పాపమా?" "నాన్న తాగి వస్తే ప్రార్థన చేస్తా, ఆయన మారలేదు, నా ప్రార్థనలో తప్పుందా?" నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీలో ఇలా ఉంది: "నెలసరిలో ఉన్నప్పుడు బైబిల్ ముట్టుకోవచ్చా? అమ్మ వద్దంటుంది."

ఆ చీటీ చదివాక నేను కొన్న పుస్తకం పక్కన పెట్టి మార్కు సువార్త ఐదో అధ్యాయం తెరిచాను. 12 ఏళ్లుగా రక్తస్రావంతో ఉన్న స్త్రీ అందులో ఉంది. లేవీయకాండము 15 ప్రకారం ఆమె అపవిత్రురాలు, ఆమె కూర్చున్న చోటు కూడా అపవిత్రమే. ఆమె జనంలో దూరి యేసు వస్త్రం ముట్టుకుంది. ఆయన ఆగాడు. దాచుకుని వెళ్లిపోనివ్వలేదు, కసరలేదు. "కుమారీ" అని పిలిచాడు. అదే అధ్యాయంలో యాయీరు కూతురుంది. ఆమె వయసు ఎంతో మార్కు రాశాడు, 12 ఏళ్లు. ఈ పిల్ల పుట్టిన ఏడే ఆ స్త్రీకి జబ్బు మొదలైందన్న మాట. ఈ లెక్క నేను చెప్పలేదు, క్లాసులో అందరికన్నా చిన్నపిల్ల వేలు పెట్టి చూపించింది. చనిపోయిన పిల్ల చెయ్యి పట్టుకుని యేసు "తలీతాకుమీ" అన్నాడు, చిన్నదానా, లెమ్మని అర్థం. లేచాక ఆయన చెప్పిన మాట ఏమిటి? పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు.

ముట్టుకోవచ్చా లేదా అని ఎవరూ నన్ను మళ్లీ అడగలేదు. ఆ రోజు గంట దాటినా ఒక్కరూ లేవలేదు.

కాబట్టి పాఠాల పుస్తకం కొనేముందు మీ పిల్లల చీటీలు చేతిలో పెట్టుకుని విషయసూచిక చూడండి. మూడు చీటీలకైనా అందులో చోటు లేకపోతే అది ఎంత మంచి పుస్తకమైనా ప్రస్తుతం మీ పిల్లలకు కాదు.

'గుణవతి' గురించి ఆ పుస్తకం ఏమంటోందో చూడండి

ఆడపిల్లల కోసం రాసిన ఏ పుస్తకంలోనైనా సామెతలు 31 ఉంటుంది. నేను తిన్నగా ఆ పాఠానికే వెళ్తాను. రాసినవాళ్లు స్త్రీని ఎలా చూస్తున్నారో అక్కడ దాగదు.

చాలాచోట్ల ఆ అధ్యాయం తెల్లవారకముందే లేచి వంట చేసే ఇల్లాలి పాఠంగా కుదించుకుపోయింది. కానీ 16వ వచనంలో ఆమె పొలం చూసి, ఆలోచించి, కొంటుంది. సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. 24లో నారబట్టలు నేయించి అమ్ముతుంది. 20లో బీదలకు చెయ్యి చాపుతుంది. 26లో జ్ఞానంతో నోరు తెరుస్తుంది. మనం 'గుణవతి' అని చదివే చోట హెబ్రీలో ఉన్న మాట 'ఖయిల్'. అంటే శక్తి, పరాక్రమం. గిద్యోనును దేవదూత "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచిన చోట ఉన్నదీ అదే మాట. రూతు 3:11లో పొలం యజమాని బోయజు రూతును "యోగ్యురాలవు" అన్నప్పుడూ అదే. భర్త పోయి, పరాయి దేశంలో, ఒకరి చేలో పరిగె ఏరుకుని బతికే కోడలికి ఆ మాట దక్కింది. కొన్ని ప్రాచీన హెబ్రీ ప్రతుల్లో సామెతలు గ్రంథం అయిపోగానే వచ్చేది రూతు గ్రంథమే.

ఇంకొక సంగతి. 31వ అధ్యాయం మొదటి వచనం దాటేయకండి. అవి రాజైన లెమూయేలుకు వాళ్లమ్మ నేర్పిన మాటలు. ఒక తల్లి కొడుక్కి చెప్పిన పాఠం అది. అందుకే మా సంఘంలో ఆ అధ్యాయాన్ని మగపిల్లల క్లాసులో కూడా చెప్పమని పట్టుబట్టాను. ఆడపిల్లలకు మాత్రమే చెప్తే అది భారంగా మారుతుంది. ఈ గుణవతి గురించి చెప్పే 10 నుంచి 31 దాకా ఉన్న 22 వచనాలు హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలతో వరసగా మొదలవుతాయని చెప్తే పిల్లలకు భలే ఇష్టం. మా వాళ్లు అ, ఆ, ఇ, ఈ లతో వాళ్ల అమ్మల గురించి ఒక్కో వాక్యం రాసుకొచ్చారు. 'ఋ' దగ్గర ఒక పిల్ల 'ఋణం తీరలేదు' అని రాసింది. ఆ ఇంటి డ్వాక్రా అప్పు సంగతి నాకు అప్పుడే తెలిసింది.

బట్టలు, నడక, నవ్వు, మాట గురించి మాత్రమే మాట్లాడే పుస్తకాన్ని నేను తీసుకోను. బట్టల గురించి వాక్యం చెప్పలేదని కాదు. 1 పేతురు 3 చదవాల్సిందే. కానీ పది పాఠాల్లో ఏడు పిల్ల ఎలా కనబడాలో చెప్పి, దేవుడు ఎలాంటివాడో చెప్పే పాఠం ఒక్కటీ లేకపోతే ఆ పుస్తకం ఆమెకు అద్దమే చూపిస్తుంది, క్రీస్తును చూపించదు.

ప్రశ్నలు లెక్కపెట్టండి

ఇప్పుడు పుస్తకం మధ్యలో ఏదైనా ఒక పాఠం తెరిచి, పెన్సిల్ తీసుకుని, అందులో ప్రశ్నలు లెక్కపెట్టండి. "రూతు అత్త పేరు ______" లాంటి ఖాళీలు ఎన్ని? బైబిల్ తెరవకుండానే జవాబు చెప్పగలిగేవి ఎన్ని? చివర "అవును / కాదు" అనేవి ఎన్ని? అవి తీసేశాక సగమైనా మిగలాలి. మిగిలినవి పిల్లను వచనం దగ్గరికి మళ్లీ పంపేలా ఉండాలి.

ఉదాహరణకు, రూతు రెండో అధ్యాయం. "రూతు ఎవరి పొలములో ఏరుకొనెను?" అని అడిగితే "బోయజు" అని పది గొంతులు ఒక్కసారే పలుకుతాయి, పాఠం అయిపోతుంది. నేను దాన్ని మార్చి, "రూతు ఆ పూట పొలానికి వెళ్లినప్పుడు ఆమెకు ఏమేం భయాలు ఉండి ఉంటాయి? అవి ఏ వచనాల్లో కనబడుతున్నాయి?" అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పుంగనూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదివే అమ్మాయి మెల్లిగా నోరు తెరిచింది. "మా అవ్వ చెనిక్కాయ చేలల్లో పరిగె ఏరేది అక్కా. చేను పీకేసినాక మట్టిలో మిగిలినవి. కొందరు ఏరుకోనిస్తారు, కొందరు ఒళ్లో ఏరుకున్నవి కూడా కింద పోయించి తరిమేస్తారు. వయసులో ఉన్నోళ్లని ఒంటరిగా పంపించరు."

'పరిగె' అనే మాట మన బైబిల్లో ఉంది, ఆ పిల్ల ఇంట్లోనూ ఉంది. ఆ తర్వాత 9వ వచనం పిల్లలే పట్టుకున్నారు. ఆమెను ముట్టకూడదని బోయజు తన పనివాళ్లకు ముందే ఆజ్ఞాపించాడు. 16లో ఆమె కోసం పిడికెళ్లు కావాలనే వదలమన్నాడు. సాయంత్రానికి దుళ్లకొడితే తూమెడు యవలు వచ్చాయి. తూమెడు అంటే ఎంతో అవ్వను అడిగి వచ్చే వారం చెప్తానంది ఆ అమ్మాయి. పనిచేసే చోట ఆడపిల్లకు రక్షణ ఎవరి బాధ్యత అనే మాట వచ్చింది. మా క్లాసులో ఇద్దరు శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులకు వెళ్తారు. వాళ్లకు ఇది నిన్నటి సంగతి.

జవాబు పుస్తకం చివర్లో అచ్చువేసిన పాఠాలంటే నాకు కొంచెం జంకు. పిల్లలు ముందు అక్కడికే వెళ్తారు.

వచనం పైనా కిందా చదవండి

పాఠంలో ఇచ్చిన వచనాల్లో మూడింటిని ఎంచుకుని, బైబిల్లో వాటికి పది వచనాలు పైన, పది కింద చదవండి. పాఠం చెప్పే మాట అక్కడ నిజంగా ఉందా?

యిర్మీయా 29:11 చూడండి. పరీక్ష ఫలితాల రోజు వాట్సాప్‌లో అందరూ పంపించే వచనం. ఆ ఉత్తరం బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసింది. పైనున్న పదో వచనంలో 70 ఏళ్లు అని ఉంది. విన్నవాళ్లలో చాలామంది ఆ తిరుగు ప్రయాణం చూడకుండానే పోయి ఉంటారు. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అన్నాడు దేవుడు. ర్యాంకు రాని పిల్లకు పనికొచ్చేది ఈ మొత్తం ఉత్తరం. ఒక్క వచనం తుంచి "నీకు సీటు వస్తుంది" అని వాగ్దానం చేస్తే, రాని రోజు ఆమె దేవుడే అబద్ధమాడాడని అనుకుంటుంది. అలా ఒక పిల్ల ఏడాదిపాటు చర్చికి రాలేదు. ఆ పాఠం చెప్పింది నేనే.

బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పిన మాటలనే ప్రతిరోజూ లేఖనాల్లో పరిశోధించి చూశారని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటోంది. పాఠాల పుస్తకాన్నీ, యూట్యూబ్ ప్రసంగాన్నీ, నా మాటనూ అలాగే పరిశోధించమని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

మన ఊరికి సరిపోతుందా

ఒకసారి నిగనిగలాడే అట్టతో ఉన్న అనువాద పుస్తకం చూసి ముచ్చటపడి పదిహేను కాపీలు కొన్నాను. మూడో పాఠంలో "మీ బాయ్‌ఫ్రెండ్ మిమ్మల్ని పార్టీకి పిలిస్తే" అని మొదలైంది. పిల్లలు తలలు దించుకున్నారు. ఒక పిల్ల వాళ్లమ్మ ఆ పుస్తకం చూసి ఆరు వారాలు క్లాసుకు పంపలేదు. ఆమె కోపంలో న్యాయముంది. మన పిల్లల పోరాటాలు వేరు. పదో తరగతి అవగానే సంబంధాలు చూడటం, తమ్ముడికి కొన్న ఫోన్ తనకు కొనకపోవడం, కులం పేరు అడిగి చర్చి ఏదో ఊహించే స్నేహితులు, బస్సులో తోసుకొచ్చే చేతులు. పుస్తకం ఎక్కడిదైనా ఫరవాలేదు, వాక్యం సరిగా ఉంటే ఉదాహరణలు మనం మార్చుకోవచ్చు. కానీ మార్చాల్సినవి సగానికి మించితే వదిలేయడమే మేలు.

తిరుపతిలో ఉన్నాం కాబట్టి ఒక ప్రశ్న ప్రతి ఏడాదీ వస్తుంది. "రూమ్మేట్ కొండకు పోయొచ్చి ప్రేమగా లడ్డూ పెట్టింది. తినాలా వద్దా?" దీనికి సంఘానికో జవాబుంది. నేను జవాబు చెప్పను. 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు రెండూ చదివిస్తాను. విగ్రహం గురించి పౌలు ఏమన్నాడు, బలహీనమైన మనస్సాక్షి గురించి ఏమన్నాడు, ఎదుటివాళ్ల మేలు గురించి ఏమన్నాడు, మూడూ వేర్వేరుగా రాయిస్తాను. తర్వాత ఒక్కొక్కరూ తాను ఏం చేస్తుందో, ఎందుకో చెప్పాలి. ఒకటి మాత్రం అందరికీ కట్టడి: తీసుకున్నా, వద్దన్నా ఆ స్నేహితురాలి మనసు నొచ్చుకునే మాట నోట రాకూడదు. మన నిరీక్షణ గురించి అడిగినవాళ్లకు "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమని 1 పేతురు 3:15 అంటోంది. ఇతరుల దేవుళ్లను, ఆచారాలను ఎగతాళి చేసే పాఠం ఎక్కడ కనబడినా ఆ పుస్తకం మూసేయండి. రేపు ఆ రూములో మన పిల్లకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది ఆ రూమ్మేటే.

ఉదాహరణలు దగ్గరవి వెతకండి. మన జిల్లాలో వైద్యానికి వేలూరు సీఎంసీకి పోని కుటుంబం అరుదు. దాన్ని మొదలుపెట్టిన ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో పుట్టింది. మిషనరీ డాక్టర్ కూతురు. ఇక్కడ పనిచేయాలన్న కోరిక ఆమెకు లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి, ప్రసవం కష్టమైన తమ భార్యలను చూడమని ఆమెను బతిమాలారు. ఆమె డాక్టరు కాదు, మగ డాక్టరైన తండ్రిని వాళ్లు రానివ్వరు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి డాక్టరై తిరిగొచ్చింది. 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది, 1918లో ఆడవాళ్ల కోసం వైద్యపాఠశాల తెరిచింది. ఎస్తేరు నాలుగో అధ్యాయం పక్కన ఈ కథ పెట్టి చెప్పండి. పండిత రమాబాయిని కూడా చెప్పండి (1858–1922). సంస్కృతంలో పండితురాలు, వితంతువులకూ అనాథ పిల్లలకూ ముక్తి మిషన్ పెట్టింది, హెబ్రీ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి తెచ్చింది. "చదువు ఎక్కువైతే భక్తి తగ్గుతుంది" అనే మాట ఇంట్లో విన్న పిల్లకు రమాబాయి జీవితం చాలా అవసరం.

పుస్తకం దాటేసిన అధ్యాయాలు ఏవి?

పదిహేనేళ్లు దాటిన పిల్లల పాఠాల్లో నేను 2 సమూయేలు 13 కోసం వెతుకుతాను. దావీదు కూతురు తామారు. సవతి అన్న అమ్నోను జబ్బు నటించి పిలిపించి ఆమెను చెరిచాడు. ఆమె వద్దని స్పష్టంగా చెప్పింది, కారణాలు కూడా చెప్పింది. తర్వాత తోడబుట్టిన అన్న అబ్షాలోము ఆమెను ఊరకుండమన్నాడు. దావీదుకు కోపమైతే వచ్చింది, కొడుకును శిక్షించిన మాట మాత్రం ఆ అధ్యాయంలో లేదు. బైబిల్ దీన్ని దాచలేదు, మనం దాస్తున్నాం. తామారు మీద ఒక్క మాట నింద వేయకుండా ఈ అధ్యాయం చెప్పగలిగిన పాఠం దొరికితే గట్టిగా పట్టుకోండి. "పరువు కోసం మౌనంగా భరించు" అనే పాఠం ఏ రూపంలో ఉన్నా వద్దు.

ఈ పాఠం చెప్పిన రోజు పిల్లలు నిజంగా మాట్లాడతారు. ముందే సిద్ధపడండి. ఇద్దరు పెద్ద స్త్రీలు గదిలో ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి. చైల్డ్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, ఈ నంబర్లు నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. 18 ఏళ్లలోపు పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెప్తోంది. సంఘ పెద్దలు కూర్చుని సర్దుబాటు చేసే విషయం కాదది.

కట్నం గురించి పాఠముందా? మన క్రైస్తవ ఇళ్లలోనూ కట్నం నడుస్తోంది, 'కానుక' అని పేరు మారుస్తున్నాం. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, మోషే ముందు నిలబడి తండ్రి ఆస్తిలో భాగం అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడే చెప్పాడు. ఆ పేర్లు కంఠస్థం చేయించండి. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం, వీలునామా లేనప్పుడు కొడుకుకూ కూతురికీ సమాన భాగమే ఇస్తుందని కూడా పక్కనే చెప్పండి. వాక్యం చదివిన పిల్లకు తన హక్కు తెలియకపోవడం ఏం బాగుంటుంది?

ఏడాదికి ఒక వరస

స్త్రీల కథలతోనే మొదలుపెట్టొద్దని నా సలహా. క్రీస్తు ఎవరో తెలియకుండా దెబోరా ధైర్యం, ఎస్తేరు ధైర్యం చెప్తే పిల్లలకు అవి నీతికథలుగా మిగిలిపోతాయి. నేను జూన్‌లో మార్కుతో మొదలుపెడతాను. 16 అధ్యాయాలు, 16 వారాలు. తర్వాత రూతు నాలుగు వారాలు. ఆ పైన ఒక్కొక్క వారం సెలోపెహాదు కూతుళ్లు, న్యాయాధిపతులు 4లో దెబోరా, 1 సమూయేలు 25లో అబీగయీలు, అపొస్తలుల కార్యములు 18లో ప్రిస్కిల్ల. డిసెంబరులో 1 సమూయేలు 2లోని హన్నా ప్రార్థన, లూకా 1లోని మరియ పాట పక్కపక్కన పెట్టి రెండు వారాలు. రెండింటికీ ఎంత పోలికో పిల్లలు రంగు పెన్సిళ్లతో గుర్తుపెడతారు. జనవరిలో అపొస్తలుల కార్యములు 16, ఊదారంగు పొడి అమ్మే లూదియ. ఫిలిప్పీ సంఘం నిలబడింది ఆమె ఇంట్లోనే కాబట్టి వెంటనే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, నాలుగు వారాలు. మొత్తం 31 వారాలు. దసరా సెలవులు, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లడం పోను పరీక్షలకు ముందే అయిపోతుంది.

చిన్నపిల్లలకైతే నయమాను ఇంటి పనిపిల్ల (2 రాజులు 5), తలుపు దగ్గర పేతురు గొంతు గుర్తుపట్టిన రోదే (అపొస్తలుల కార్యములు 12) కలపండి. పెద్దవాళ్లందరూ "పిచ్చిదానవు" అన్నా తాను విన్నది నిజమని నిలబడిన పిల్ల రోదే. ఆ కథ నాటకం వేయిస్తే తలుపు కొట్టే పాత్ర కోసం కొట్లాడుకుంటారు.

కాపీలు కొనేముందు ఒక్క పాఠం

ఒక్క పుస్తకం తెచ్చి, ఒక పాఠం జిరాక్స్ తీసి నడిపి చూడండి. చదవడానికి పది నిమిషాలు, మాట్లాడటానికి అరగంట, రాసుకుని ప్రార్థించడానికి పది నిమిషాలు. గడియారం కన్నా ఒకటి ముఖ్యంగా గమనించండి: ఆ అరగంటలో ఎవరి గొంతు ఎక్కువ వినబడింది? మీదే అయితే పాఠమైనా మారాలి, మీరైనా మారాలి. వారం తర్వాత ఎవరైనా ఆ పాఠంలోని మాట తనంతట తాను ఎత్తితే అప్పుడు మిగతా కాపీలు కొనండి. మూడు నెలలకు ఒక పిల్ల తానే పాఠం నడపగలగాలి. నేను వంతులవారీగా ఇస్తాను. మొదటిసారి చేతులు వణుకుతాయి, వణకనివ్వండి.

పలమనేరు పిల్లకు ఆ రోజు నేను పాఠాల పుస్తకం ఇవ్వలేదు. మార్కు సువార్త విడి పుస్తకం, రెండొందల పేజీల నోట్‌బుక్ ఇచ్చాను. ప్రతి అధ్యాయానికి మూడే రాయమన్నాను: యేసు గురించి ఏం తెలిసింది, ఏది అర్థం కాలేదు, ఈ వారం ఏం చేయాలి. వాళ్ల హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారు. ఆ తల్లి అందులో పది నిమిషాలు నెలకొకసారి నాకు ఇచ్చింది.

ఐదో అధ్యాయం చదివిన వారం ఆ పిల్ల ఫోన్ చేసి, "అక్కా, యాయీరు కూతురికి తినడానికి పెట్టమన్నాడు గదా, ఏం పెట్టుంటారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "మా రూములో ఇద్దరూ ఇదే అడుగుతాండారు. వాళ్లకి కూడా చదివి వినిపించినా" అనింది.